హైదరాబాద్–వరంగల్ పాత కార్ల టూర్: నెమ్మది బండిని వదిలేసి వెళ్లాలా? ఇంకా ఒక ల్యాండ్‌మాస్టర్ గురించి

డిలైట్68:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో పాత కార్లున్న వాళ్లం కొందరం ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద కలుస్తుంటాం, టీ తాగి, బానెట్లు ఎత్తి కాసేపు మాట్లాడుకుని ఎండ ఎక్కేలోపు ఇళ్లకు పోతాం. ఈ డిసెంబరులో మొదటిసారి రెండు రాత్రులు బయట ఉండేలా వరంగల్, రామప్ప టూర్ అనుకున్నాం. ప్లాన్ చేసే పని నాకు అప్పజెప్పారు, ఇష్టంగానే తీసుకున్నా. నాది 68 మోడల్ ఫియట్ 1100 డిలైట్. మిగతావి మార్క్ 2 అంబాసిడర్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, రెండు విల్లీస్ జీపులు, ఒక 1947 షెవ్రొలే ఫ్లీట్‌మాస్టర్, ఇంకా ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి 1938 మోరిస్ ఎయిట్.

తకరారు మోరిస్ దగ్గరే వచ్చింది. 918 సీసీ బండి, యాభై దాటించకూడదని ఆయనే చెప్తారు. షెవ్రొలే ఆయన, ఇద్దరు అంబాసిడర్ల వాళ్లు ఏమో ఎనభైలో పోతే టిఫిన్ టైముకి జనగామ దాటేస్తాం, ఒక్క బండి కోసం అందరం ఎందుకు పాకాలి, దాన్ని లారీ మీద ఎక్కించి పంపిద్దాం లేదంటే ఈసారికి వద్దని చెప్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ గుంపులో అందరికంటే ముందు నుంచి బండి నడుపుతున్నది ఆయనే, మాలో సగం మందికి పాయింట్లు (ప్లగ్గుల్లో నిప్పురవ్వ సమయానికి పుట్టేలా చేసే భాగం) సెట్ చేయడం నేర్పిందీ ఆయనే. ఇలాంటి టూర్లు చేసినవాళ్లు ఎలా సర్దుతారో చెప్పండి.

రెండో సంగతి. గుంటూరు దగ్గర ఒక ల్యాండ్‌మాస్టర్ (అంబాసిడర్‌కి ముందు హిందుస్థాన్ మోటార్స్ చేసిన కారు) అమ్మకానికి ఉందని తెలిసింది. బాడీ బాగుంది, ఎప్పుడో డీజిల్ ఇంజన్ వేశారు, ఆర్సీ పుస్తకం పోయిందంటున్నారు. రేటు తక్కువే. నా దగ్గర ఫియట్ ఒక్కటే ఉంది, రెండో బండి కొనాలని చాలాకాలంగా ఉంది. తీసుకోవచ్చా?

వైజాగ్_హెరాల్డ్:

అన్నా, మోరిస్‌ని వదిలేసేటట్టయితే టూరే పెట్టకండి. యాభై ఏళ్లు దాటిన బండ్లతో బయల్దేరి తొందరగా చేరడం గురించి గొడవ పడితే ఆ పని ఏ కొత్త కారులోనైనా చేసుకోవచ్చు కదా.

మేం ఇక్కడ అరకు వెళ్లేటప్పుడు చేసేది చెప్తాను. అన్నిటికంటే నెమ్మది బండి ముందు బయల్దేరుతుంది, తోడుగా ఇంకో బండి ఉంటుంది, మిగతావాళ్లు అరగంట తర్వాత. ఎక్కడ కలవాలో ముందే రాసి ఉంచుతాం, ప్రతి నలభై కిలోమీటర్లకీ ఒక చోటు. మీ రూట్లో అయితే భువనగిరి, పెంబర్తి చక్కగా సరిపోతాయి. వెనకవాళ్లు అక్కడికి చేరేసరికి మోరిస్ అక్కడే ఉంటుంది, ఎవరూ పాకినట్టుండదు, ఎవరూ వెనకబడినట్టూ ఉండదు.

అన్ని బండ్లూ ఒకదాని వెనక ఒకటి తోకలా మాత్రం పోవద్దు. ఫోటోకి బాగుంటుంది గానీ వెనకొచ్చే బస్సు వాడికి దాటే సందు దొరక్క మధ్యలో దూరుతాడు, అప్పుడు పాత డ్రమ్ము బ్రేకులతో మనం ఆపలేం. మూడేసి బండ్లు, గుంపుకీ గుంపుకీ మధ్య మంచి ఎడం. అన్నిటికీ చివర ఒక కొత్త బండి, అందులో మెకానిక్, తాడు, నీళ్ల క్యాన్లు. ఏ బండి ఆగినా ఆ చివరి బండి ఒక్కటే ఆగాలి, మిగతావాళ్లు తర్వాతి చోటు దాకా పోవాల్సిందే. ఇది మొదటే గట్టిగా చెప్పండి, లేకపోతే ప్రేమ కొద్దీ పదిమందీ హైవే పక్కన ఆపేసి ఒకే బానెట్లోకి తొంగిచూస్తారు, అదే అన్నిటికంటే ప్రమాదం.

మోరిస్‌కి పక్కనుంచి లేచే తెడ్డు ఇండికేటర్లే ఉండి ఉంటాయి, ఈ కాలం డ్రైవర్లకి అవి అర్థం కావు. తోడు బండి దాని వెనకే ఉండి మామూలు ఇండికేటర్ వేయాలి. ఆరు వోల్టుల లైట్లు కాబట్టి చీకటి పడేలోపు అందరూ హోటల్లో ఉండేలా చూసుకోండి.

డబ్బులు ముందే వసూలు చేయండి. రూములు, రికవరీ వ్యాన్ అడ్వాన్సు, మెకానిక్ భత్యం కలిపి తలా ఇంత అని, రాకపోతే తిరిగి ఇవ్వమని కూడా చెప్పండి. మొహమాట పడితే చివర్లో భారం మీ ఒక్కరి మీదే పడుతుంది.

పాయింట్లు_కండెన్సర్:

ఎనభైలో పోదాం అంటున్న షెవ్రొలే ఆయనకి ఒక మాట చెప్పండి సార్. 47 ఫ్లీట్‌మాస్టర్లో ఉండేది 216 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల ఇంజన్. దాని కనెక్టింగ్ రాడ్లకి పోతపోసిన బ్యాబిట్ (మెత్తటి మిశ్రమ లోహం) బేరింగులు, వాటికి ఆయిల్ కూడా ఎక్కువగా చిమ్మే పద్ధతిలోనే అందుతుంది. కాసేపు ఎనభై పోతుంది, కాదనను. గంటలకొద్దీ అదే స్పీడు పట్టుకుంటే బేరింగు పోతుంది, ఆ బ్యాబిట్ మళ్లీ పోసి సైజుకి తీసేవాళ్లు ఇప్పుడు వెతికితే గానీ దొరకరు. అరవై ఆయన బండికీ మంచిదే. అంటే మోరిస్ కోసం ఆయన త్యాగం చేసేదేమీ లేదు.

ఇక పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. మన బండ్ల రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దాని కోసం చేసినవి కావు. మెత్తబడి ఉబ్బుతాయి, లోపల పొరలు ఊడి కార్బురేటర్ జెట్లలో (పెట్రోలు పోయే సన్నటి రంధ్రాల్లో) ఇరుక్కుంటాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలలతరబడి కదలని బండి ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది. టూర్‌కి నెల ముందే గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి, ట్యాంకు దింపి కడిగించండి, పంపుకి ముందు ఒక ఫిల్టర్ పెట్టించండి. చివరి వారంలో చేయించుకుంటే లీకు ఉందో లేదో తెలిసేది హైవే మీదే.

డిసెంబరు కాబట్టి ఎండ భయం తక్కువ, అయినా మధ్యాహ్నం టోల్ గేటు క్యూలో నిలబడితే పంపులో పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగొచ్చు. స్టార్టర్ తిప్పి బ్యాటరీ తినేయకుండా బానెట్ ఎత్తి పంపు మీద తడి గుడ్డ వేసి పావుగంట వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

విడిభాగాలు ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి: పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఫ్యాన్ బెల్టు, పంపు కిట్టు, వీల్ సిలిండర్ కిట్టు, ట్యూబు ఒకటి. కండెన్సర్ అయితే రెండు పెట్టుకోండి, కొత్తగా వచ్చేవాటి నాణ్యత మీద నాకు నమ్మకం లేదు, పాతదైనా నడుస్తున్నది పారేయకండి. టైర్లు అరుగుదల చూసి కాదు, తయారైన తేదీ చూసి మార్చండి. పాత కార్లు తిరిగేది తక్కువ, టైరు మీది గాడులు అలాగే ఉంటాయి, రబ్బరు మాత్రం పగిలిపోతుంది.

ఆర్సీ_ముందు:

ల్యాండ్‌మాస్టర్ గురించి. ఆశ పెట్టుకున్నారని తెలుస్తోంది, అయినా కాగితాలు లేని బండికి అడ్వాన్సు ఇవ్వకండి తమ్ముడూ. ఆర్సీ పోతే డూప్లికేట్ తెచ్చుకోవాల్సింది రికార్డులో పేరున్న ఓనరు, ఆయన లేకపోతే వారసులు. పోలీసు ఫిర్యాదు, రిజిస్టరైన ఆఫీసులో దరఖాస్తు, అదంతా అమ్మేవాళ్లు చేసి ఇచ్చాకే డబ్బు. ముందుగా చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి, ఆఫీసులో ఆ నంబరు రికార్డు ఉందో లేదో కనుక్కోండి. రికార్డే లేకపోతే అది ఇంటి ముందు నిలబెట్టుకునే బొమ్మ.

2021 జులైలో కేంద్రం పాత వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న టూవీలర్లు, కార్లకి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. ఇప్పటికే రిజిస్టరైన బండి అయితే పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ మార్చిన బండికి అది వర్తించదు. మీరు చెప్పిన డీజిల్ ఇంజన్ ఇక్కడే అడ్డం పడుతుంది. ల్యాండ్‌మాస్టర్‌కి అసలు వచ్చింది 1476 సీసీ సైడ్‌వాల్వ్ పెట్రోలు ఇంజన్. అది దొరికి, ఎక్కించి, కాగితాల్లో కూడా మార్పించే ఖర్చు కలిపి చూస్తే తక్కువ రేటు తక్కువగా ఉండదు.

ఇంకోటి, వీఏ నంబరు బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, వాటికి పోయిరావడం, రిపేరు, పెట్రోలు, అంతే. మామూలు ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ ఇన్సూరెన్స్ ఉన్న బండికి ఆ బాధ లేదు. టూర్‌కి వచ్చే ప్రతి బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల ఫోటోలు ముందే తెప్పించుకోండి. ఎవరి ఇన్సూరెన్సైనా అయిపోయి ఉంటే ఎంత దగ్గరివాళ్లైనా రానివ్వకండి, జరగరానిది జరిగితే తిప్పలు అందరికీ.

హెర్షీ_ప్రయాణం:

పెన్సిల్వేనియా నుంచి రాస్తున్నా, పుట్టింది హనుమకొండలో, అందుకే ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. ఇక్కడ గ్లిడెన్ టూర్ అని ఉంది, 1905లో కొత్త కార్ల సత్తా చూపించడానికి మొదలై 1913లో ఆగిపోతే 1946లో పాత కార్ల క్లబ్బు వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడి టూర్లు చాలావాటిలో ఊళ్లు మారరు. ఒకే హోటల్లో దిగి రోజుకో దిక్కుకి వెళ్లి సాయంత్రానికి అక్కడికే వస్తారు. సామాన్లు ఎక్కించి దింపే పని లేదు, ఒక బండి చెడిపోతే హోటల్ ఆవరణలోనే బాగుచేసుకుంటారు, ఓపిక లేనివాళ్లు ఆ పూట ఆగిపోతారు. మీకు వరంగల్ దీనికి సరిగ్గా కుదురుతుంది. రెండో రోజు ములుగు మీదుగా రామప్పకి, పోను డెబ్బై కిలోమీటర్ల లోపే, ఘాట్ లేదు. ఉత్సాహం ఉన్నవాళ్లు లక్నవరం దాకా పోతారు, మోరిస్ రామప్ప చూసి తిరిగొస్తుంది.

ఇక్కడ ప్రతి టూర్‌కీ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న రేకు బిళ్ల ఇస్తారు, ముప్పై నలభై ఏళ్ల బిళ్లలు దాచుకున్నవాళ్లున్నారు. పెంబర్తి మీ దారిలోనే ఉంది, ఇత్తడి రేకు మీద అంత పనితనం ఉన్నవాళ్ల దగ్గర మీ టూర్ పేరు, సంవత్సరం చెక్కించుకోండి. ముందే ఆర్డరిస్తే వెళ్తూ తీసుకోవచ్చు. కలెక్షన్ అంటే బండ్లే కానక్కర్లేదు. అక్టోబరులో ఇక్కడి హెర్షీ ఊళ్లో జరిగే పాత కార్ల సంతకి వచ్చేవాళ్లలో ఎంతోమంది పాత మాన్యువళ్లు, రోడ్డు మ్యాపులు, పెట్రోలు బంకు బోర్డులు వెతికేవాళ్లే. మన దగ్గర బర్మా షెల్, కాల్టెక్స్, ఎస్సో ఎనామెల్ బోర్డులు 1970ల్లో ఆ కంపెనీలు జాతీయం కాగానే తుక్కులోకి పోయాయి, మిగిలినవి ఇప్పుడు పట్టుకోకపోతే ఉండవు. మీ ఫియట్ కూడా వచ్చినప్పటి మాన్యువల్, టూల్ కిట్టు ఉంటేనే పూర్తవుతుంది. రెండో బండికి ముందు అవి వెతకండి అంటాను.

డిలైట్68:

అందరికీ థాంక్స్. బ్యాబిట్ బేరింగుల సంగతి షెవ్రొలే ఆయనకి చదివి వినిపించాను, మోరిస్‌కి తోడు బండిగా తనే ముందు బయల్దేరతానన్నారు. మోరిస్ తెల్లారాక ఆరున్నరకి ఉప్పల్ నుంచి, మిగతావాళ్లం ఏడుకి. ల్యాండ్‌మాస్టర్ వాళ్లకి ఆర్సీ తెచ్చాక మాట్లాడదామని చెప్పేశాను, మనసు పీకుతోంది గానీ మీరు చెప్పిందే సరైనది. పెంబర్తి బిళ్లల ఆలోచన అందరికీ తెగ నచ్చింది, ఈ వారమే వెళ్లి మాట్లాడతా. హనుమకొండలో హోటల్ చూసేటప్పుడు పార్కింగ్ విషయంలో ఏం గమనించాలి?

ఓరుగల్లు_జీప్:

సెల్లార్ పార్కింగ్ ఉన్న హోటల్ వద్దన్నా. ర్యాంపు నిటారుగా ఉంటది, చల్లటి ఇంజన్‌తో పొద్దున్నే ఎక్కేటప్పుడు మోరిస్, హెరాల్డ్ ఇబ్బంది పెడతాయి, పాత హ్యాండ్ బ్రేకు మీద మధ్యలో ఆగితే ఇంకా కష్టం. గేటు లోపల చదునైన నేల, రాత్రి వాచ్‌మన్, కడగడానికి నీళ్ల పైపు, ఈ మూడూ అడగండి. పెళ్లిళ్ల ముహూర్తాలుంటే ఆవరణంతా షామియానా వేస్తారు, తేదీ ఖాయం చేసేముందు అది కూడా కనుక్కోండి. డేట్ చెప్తే నా జీపుతో జనగామ దాకా ఎదురొస్తా.