లైవ్ కచేరీయా, ఇంట్లో వినడమా? మీకు ఏ సంగీతం ఎక్కడ బాగా ఎక్కుతుంది?

అనుపల్లవి:
అందరికీ నమస్తే. నాకు ఈ మధ్య కచేరీకి వెళ్ళడం కన్నా ఇంట్లో లైట్లు ఆపేసి స్పీకర్ల మీద వినడమే ఎక్కువ నచ్చుతోంది, ఆల్బమ్ మొదలు నుంచి చివరి దాకా ఎవరూ మధ్యలో మాట్లాడకుండా, నచ్చిన చోట మళ్ళీ వెనక్కి తిప్పుకుంటూ. ఫ్రెండ్స్ మాత్రం లైవ్ వినని వాళ్ళకి సంగీతం సగమే తెలుసు అంటున్నారు. ఆ మాట ఒప్పుకోలేను, అలాగని కొట్టిపారెయ్యలేను కూడా. ఏది గొప్ప అని అడగట్లేదు. మీరు దేనికి బయటికి వెళ్తారు, ఏది ఇంట్లోనే వింటారు, ఎందుకు, కొంచెం వివరంగా చెప్పండి.

మిక్సర్‌వాలా:
నేను లైవ్ సౌండ్ పని చేస్తాను కాబట్టి నా పొట్టకూటికి ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది గానీ, సౌండ్ క్వాలిటీ ఒక్కటే చూస్తే చాలాసార్లు ఇల్లే మేలు. పెద్ద గ్రౌండ్ షోలో మాకు మొదటి తలనొప్పి దూరం. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది, అంటే స్టేజికి 100 మీటర్ల దూరంలో నిలబడినవాళ్ళకి డ్రమ్మర్ కర్ర దించడం కనిపించాక దాదాపు 0.3 సెకన్లకి దెబ్బ వినిపిస్తుంది. వెనక వాళ్ళ కోసం మధ్యలో టవర్ల మీద ఇంకో వరస స్పీకర్లు పెడతాం, వాటిని లెక్కగట్టి కావాలనే ఆలస్యంగా మోగిస్తాం, లేకపోతే దగ్గర స్పీకర్లోంచి ఒకసారి దూరం దాంట్లోంచి ఇంకోసారి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. సాయంత్రం చల్లబడితే శబ్దం వేగం కూడా మారుతుంది, గాలి వీస్తే పై ఫ్రీక్వెన్సీలు అటూ ఇటూ ఊగుతాయి. ఇంత చేసినా మీ రూమ్‌లో వినే స్పష్టత అక్కడ రాదు.

ఇంకోటి, చాలామంది కొట్లాడి మరీ మొదటి వరసకి వెళ్తారు, సౌండ్ కోసమైతే అది మంచి చోటు కాదండి. మెయిన్ స్పీకర్లు రెండు పక్కలా పైన వేలాడుతుంటాయి, పాడేవాళ్ళ గొంతు మీ తల మీదుగా వెనక్కి వెళ్ళిపోతుంది, మీకు స్టేజి మీది గిటార్ ఆంప్, డ్రమ్స్ మాత్రం నేరుగా తగులుతాయి. మిక్సింగ్ కన్సోల్, అంటే మేము సౌండ్ సర్దే బల్ల, ఎక్కడుందో చూసుకుని దాని దగ్గర్లో నిలబడండి. మేము అక్కడ చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ సర్దుతాం.

శ్రుతిపెట్టె:
మిక్సర్‌వాలా గారూ మీరు చెప్పింది గ్రౌండ్ షోలకి నిజం. మైకు లేని చిన్న హాలు సంగతి వేరే. నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను, మా గురువుగారు ఎప్పుడూ అనేది రికార్డింగ్ విని పాట నేర్చుకోవచ్చు, మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించుకుని పాడటం, మాత్రం ఎదురుగా కూర్చునే అర్థమవుతుంది అని. తాళం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపనలో పాడేవాళ్ళు ఒక సంచారం, అంటే ఒక స్వరాల నడక, ఎత్తుకోగానే పక్కన వయొలిన్ వాళ్ళు దాన్ని ఎలా పట్టుకుంటారు, ఎంత వదిలేస్తారు, మృదంగం వాళ్ళు ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడే నెరవల్‌లో ఎక్కడ వాయించకుండా ఆగుతారు, తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం ముగింపు దగ్గరికి వస్తుంటే పాడేవాళ్ళు చేత్తో తాళం ఎలా చూపిస్తారు, ఇవన్నీ కళ్ళతో చూస్తుంటే చెవి ఇంకో రకంగా పనిచేస్తుంది. రికార్డింగ్‌లో మృదంగం దెబ్బ వినపడుతుంది, ఆ దెబ్బకి ముందు వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది తెలీదు. అదే రాగం మర్నాడు వాళ్ళే పాడినా అలా రాదు, ఆ రోజుకి అంతే.

అసలు రికార్డింగే మన సంగీతాన్ని చాలా కుదించేసింది. 1902లో కలకత్తాలో గ్రామోఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు ప్లేటు మీద పట్టింది మూడు నిమిషాలు అటూ ఇటూ. గంటసేపు విస్తరించే రాగాన్ని ఆవిడ అందులో ఇమిడ్చి, చివర్లో తన పేరు ఇంగ్లీషులో చెప్పేవారు, ప్లేట్లు అచ్చువేసేది జర్మనీలో కాబట్టి అక్కడివాళ్ళకి ఎవరి పాటో తెలియాలని. ఆ మూడు నిమిషాల్లో ఆవిడ చేసిన పని చూస్తే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది, కానీ ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళకి దొరికింది మాత్రం అది కాదు కదా.

రెండో_టేక్:
ఇక్కడ నాకు ఒక పేచీ ఉంది. ఇంట్లో వినేది లైవ్‌కి నకలు అన్నట్టు మాట్లాడుతున్నాం, అది సరి కాదు. కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలెస్‌లో వాయించి ఇంక కచేరీలు మానేశాడు, అప్పటికి 31 ఏళ్ళు, మంచి పేరున్న రోజులు. 1982లో చనిపోయేదాకా స్టూడియోలోనే. ఒకే చోటుని రకరకాలుగా వాయించి, తర్వాత విని, టేపు కత్తిరించి అతికించి తనకి కావలసిన రూపం వచ్చేదాకా కూర్చునేవాడు. జనం ముందు ఒక్కసారి వాయించి వెళ్ళిపోవడం కన్నా ఇది నిజాయితీ అయిన పని అని అతను నమ్మాడు, నాకూ అలాగే అనిపిస్తుంది. బీటిల్స్ కూడా 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించాక టూర్లు ఆపేశారు, అరుపుల్లో వాళ్ళు వాయించేది వాళ్ళకే వినపడేది కాదు. ఆ తర్వాత స్టూడియోలో వాళ్ళు చేసిన చాలా పాటలు అప్పటి స్టేజి మీద వాయించగలిగేవే కావు, టేపు వెనక్కి తిప్పడం, స్పీడు మార్చడం లాంటివి. అలాంటి సంగీతానికి ఇల్లే అసలు చోటు.

శ్రుతిపెట్టె:
రెండో_టేక్, ఆ పక్కన చెలిబిదాకెని కూడా పెట్టండి. రుమేనియా ఆర్కెస్ట్రా కండక్టర్, జీవితంలో ఎక్కువ కాలం రికార్డింగులు బయటికి రానివ్వలేదు. హాలుని బట్టి వేగం మారాలి, ఈ హాల్లో సరిపోయిన వేగం మీ గదిలో సరిపోదు అని ఆయన వాదన. 1996లో ఆయన పోయాకే ఆ రికార్డింగులు ఎక్కువగా బయటికొచ్చాయి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని వింటున్నాం, వింటే చాలా నెమ్మదిగా అనిపిస్తాయి. ఆ హాల్లో ఉన్నవాళ్ళకి అలా అనిపించి ఉండదు.

మిక్సర్‌వాలా:
హాలు మాట ఎత్తారు కాబట్టి చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాటలు మోగిపోయి ఏమీ అర్థం కావట్లేదని వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసర్‌ని చూడమన్నారు. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి హాల్లో పరుస్తూ, ఎన్ని మెత్తలకి ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. మనుషులు కూడా అంతే, శబ్దాన్ని పీల్చుకుంటారు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కల మీదే కట్టారు, ఇప్పటికీ ప్రపంచంలో మంచి హాళ్ళలో దాని పేరు చెప్తారు. నేను మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసింది సాయంత్రం జనం నిండాక పూర్తిగా మారిపోతుంది, మళ్ళీ సర్దుకోవాలి. అంటే కచేరీలో కూర్చున్న మీరు కూడా ఆ సౌండ్‌లో ఒక భాగమే అండి, అలంకారానికి చెప్పట్లేదు, ఫిజిక్సే అది.

నిశ్శబ్దం_కావాలి:
అందరూ సౌండ్ గురించి ఇంత ప్రేమగా రాస్తున్నారు, చదువుతుంటే బాగుంది, కానీ నాలాంటి వాళ్ళ గురించి కూడా ఒక మాట. నాకు చెవుల్లో గుయ్‌మని ఎప్పుడూ మోగుతూ ఉంటుంది, టినిటస్. పెద్ద సౌండ్ షోకి వెళ్ళొస్తే ఆ మోత పెరుగుతుంది. అమెరికాలో పనిచోట్లకి ఇచ్చే సలహా లెక్క ఒకటి ఉంది, 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగం అవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. రాక్ షోలు 100 చుట్టుపక్కలే ఉంటాయి, అదీ రెండు మూడు గంటలు. లైవ్ రానివాళ్ళకి సంగీతం మీద ప్రేమ తక్కువ అనుకునేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. నాకు సంగీతం మీద ప్రేమ ఉంది కాబట్టే చెవుల్ని కాపాడుకుంటున్నాను.

మిక్సర్‌వాలా:
పూర్తిగా ఒప్పుకుంటాను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేదికలకి ఒక ప్రమాణం ఇచ్చింది, సగటున 100 డెసిబెల్స్ దాటొద్దు, సౌండ్ లెవెల్ చూస్తూ ఉండాలి, వచ్చినవాళ్ళకి ఇయర్‌ప్లగ్స్ ఇవ్వాలి, చెవులకి విశ్రాంతి ఇచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి ఉండాలి అని. నురగ ఇయర్‌ప్లగ్స్ పై స్వరాల్ని ఎక్కువ మింగేస్తాయి, పాట దుప్పటి కప్పినట్టు వినపడుతుంది. సంగీతకారుల కోసం చేసేవి వేరే ఉంటాయి, అన్ని ఫ్రీక్వెన్సీల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, వాటితో పాట పాటలాగే ఉంటుంది. మా పనిలో నేను అవి లేకుండా నిలబడను. హెడ్‌ఫోన్స్ వాళ్ళు కూడా జాగ్రత్త, పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ లోపే ఉంచుకోమంటున్నారు.

వెనకబెంచి:
నాకు చిన్నపిల్లలు, సాయంత్రాలు బయటికి రావడం కుదరదు, కాబట్టి లైవ్ రికార్డింగులే నా కచేరీలు. చప్పట్లు, ఎవరో దగ్గడం, శ్రుతి సరిచేసుకోవడం అన్నీ ఉన్నవే కావాలి నాకు, అవి తీసేసిన ఎడిషన్ దొరికినా వద్దు. 1975 జనవరిలో కొలోన్‌లో కీత్ జారెట్ ముందు ఏమీ రాసుకోకుండా వాయించిన సోలో పియానో కచేరీ ఎప్పటికీ వింటాను. అతను అడిగిన పియానో రాలేదు, చిన్నది, సరిగా లేనిది దొరికింది, పై స్వరాలు పలచగా కింది స్వరాలు బలహీనంగా ఉన్నాయి, అందుకే ఎక్కువసేపు మధ్య స్వరాల చుట్టూనే తిరుగుతూ ఎడమచేత్తో ఒకే లయని పట్టుకుని వాయించాడు. మంచి పియానో వచ్చి ఉంటే ఆ సంగీతం పుట్టేది కాదేమో. స్టూడియోలో అయితే ఆ పియానో మార్చేదాకా ఆగేవాళ్ళు, హాల్లో జనం వచ్చి కూర్చున్నారు కాబట్టి వాయించక తప్పలేదు. లైవ్‌లో నాకు నచ్చేది ఈ తప్పకపోవడమే, అది రికార్డింగ్‌లోకి కూడా వచ్చేస్తుంది.

అనుపల్లవి:
వెనకబెంచి గారూ, తప్పకపోవడం అన్నారు చూడండి, నాకు అది వినేవాళ్ళకి కూడా వర్తిస్తుంది అనిపిస్తోంది. ఇంట్లో ఆపే బటన్ నా చేతిలో ఉంటుంది. ఆలాపన నెమ్మదిగా సాగుతుంటే ముందుకి తోసేసే వీలుంది, ఫోన్ మోగితే చూసే వీలుంది. హాల్లో ఆ వీలు లేదు, మొదట విసుగనిపించిన చోటు కూడా దాటి వెళ్ళాల్సిందే, చాలాసార్లు ఆ విసుగు తర్వాతే అసలు పాట మొదలవుతుంది. శ్రుతిపెట్టె గారు చెప్పిన మనోధర్మానికి ఇది కావాలి. రెండో_టేక్ గారు చెప్పిన స్టూడియో ఆల్బమ్‌లకి మాత్రం మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి వినడమే కావాలి, ఒక్కసారికి అందులో సగం పట్టదు.

రెండో_టేక్:
ఈ పంపకం నాకు నచ్చింది. కానీ హాల్లో కూడా సగం మంది ఫోన్ ఎత్తి రికార్డు చేస్తున్నారు, వాళ్ళు అక్కడ ఉండి కూడా వినట్లేదు. నా ముందు స్క్రీన్లు వెలుగుతుంటే నేనూ వినలేను. ఇది మారితే నేను మళ్ళీ వెళ్తాను.

శ్రుతిపెట్టె:
మైకు లేని చిన్న కచేరీలకి రండి, అక్కడ ఫోన్ ఎత్తడానికి వాళ్ళకే మొహమాటంగా ఉంటుంది.

అనుపల్లవి:
నేను వస్తాను. మైకు లేనిదైతే ఎక్కడ కూర్చోవాలి? అలాగే ఇంట్లో నా స్పీకర్లలో బేస్ ఒక్కటే గదిలో మోగిపోతోంది, దానికి ఏమైనా చెప్పండి.

మిక్సర్‌వాలా:
మైకు లేకపోతే మూడో నాలుగో వరస నుంచి హాలు మధ్య దాకా ఎక్కడైనా బాగుంటుంది, బాల్కనీ కింద లోపలికి మాత్రం కూర్చోకండి, పైనుంచి వచ్చే శబ్దం అక్కడికి చేరదు. ఇంట్లో బేస్ సంగతి, 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, గది అంత ఉండదు కాబట్టి గోడల మధ్య కొట్టుకుని మూలల్లోనూ గోడల దగ్గరా పోగవుతుంది. స్పీకర్లు మూలల నుంచి బయటికి లాగండి, మీ కుర్చీ వెనక గోడకి ఆనించి ఉంటే ముందుకి జరపండి. కొంచెం కొంచెం జరుపుతూ తెలిసిన పాటే పెట్టి వినండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. కొత్త స్పీకర్లు కొనే ముందు ఇది చెయ్యండి.

శ్రుతిపెట్టె:
వయొలిన్ బాగా వినాలంటే ఒకటి, వాయించేవాళ్ళ వయొలిన్ పైభాగం ఎటు తిరిగి ఉందో చూసి ఆ వైపు కూర్చోండి. పై స్వరాలు అటే ఎక్కువ వస్తాయి.