ప్రయోగశాల దాటని పరికరానికి అంతర్జాతీయ భాగస్వామ్య పథకాలు ఎంతవరకు ఉపయోగపడతాయి?

ప్రశ్న: చెరువుగట్టు

నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ విభాగంలో సహాయ ఆచార్యుడిగా పనిచేస్తున్నాను. రొయ్యల చెరువులలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను రాత్రంతా కొలుస్తూ, అది పడిపోగానే ఏరేటర్లను (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలను) తానే నడిపించే ఒక పరికరాన్ని నేనూ, నా విద్యార్థులూ మూడేళ్లుగా తయారుచేస్తున్నాము. సెన్సారు మీద పాచి పేరుకోకుండా చూసే ఏర్పాటు ఇందులో కొత్తది. భీమవరం దగ్గర నాలుగు చెరువులలో ఒక పంటకాలం పరీక్షించాము, పేటెంటుకు దరఖాస్తు కూడా చేశాము. పని అక్కడితో ఆగిపోయింది.

భారత్–ఇజ్రాయెల్ నిధి వంటి అంతర్జాతీయ పథకాల గురించి సహోద్యోగులు చెబుతున్నారు. ఇటువంటి పథకాలు నావంటి అధ్యాపకుడికి నేరుగా డబ్బు ఇస్తాయా? ఇస్తే పేటెంటు మీద హక్కు అడుగుతాయా? వీటివల్ల నిజంగా మార్కెట్లోకి వచ్చిన వస్తువులు ఉన్నాయా? అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు: రేవుదారి

చెరువుగట్టు గారూ, అధ్యాపకుడిగా మీరొక్కరే దరఖాస్తు పెడితే ఈ తరహా పథకాలు చాలావరకు స్వీకరించవు. వాటి పుట్టుక చూస్తే కారణం తెలుస్తుంది. 1977లో అమెరికా, ఇజ్రాయెల్ ప్రభుత్వాలు కలిసి బర్డ్ ఫౌండేషన్‌ను స్థాపించాయి. అమెరికా కంపెనీ ఒకటి, ఇజ్రాయెల్ కంపెనీ ఒకటి కలిసి ఒక వస్తువును తయారుచేసి అమ్ముతామని ముందుకు వస్తే, దాని అభివృద్ధి ఖర్చులో సగం వరకు ఫౌండేషన్ భరిస్తుంది. మిగిలినది ఆ కంపెనీలే పెట్టుకోవాలి. వస్తువు అమ్ముడుపోతే రాబడిలో కొంత రాయల్టీగా తిరిగి కట్టాలి. త్వరగా తీర్చినవారికి భారం తక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ అది ఇచ్చిన మొత్తానికి ఒకటిన్నర రెట్ల వరకు పెరుగుతుంది. వస్తువు విఫలమైతే మాత్రం ఏమీ కట్టనక్కరలేదు. కంపెనీలో వాటా గాని, పేటెంటు గాని ఫౌండేషన్ అడగదు.

మీరు ప్రస్తావించిన భారత్–ఇజ్రాయెల్ నిధి 2017 జూలైలో, భారత ప్రధాని ఇజ్రాయెల్ పర్యటన సందర్భంగా ప్రకటించినది. రెండు దేశాలూ చెరి 2 కోట్ల డాలర్లు ఐదేళ్లలో ఇవ్వాలన్నది ఒప్పందం. ఇక్కడ కూడా రెండు వైపులా కంపెనీలు ఉండవలసిందే. అందువల్ల మీ పరికరాన్ని లైసెన్సు మీద తీసుకుని తయారుచేయడానికి సిద్ధపడే ఒక భారతీయ కంపెనీ ముందు దొరకాలి. మీరు ఆ కంపెనీ వెంట పరిశోధన భాగస్వామిగా వెళ్లాలి. నిధి వారు మీ సెన్సారు ఎంత గొప్పదని అడగడానికి ముందే, దానిని అమ్మేది ఎవరని అడుగుతారు.

జవాబు: ఐదుచుక్కలు

మూడవ ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను, ఎందుకంటే నేను టీకాల రంగంలో పనిచేశాను. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్ టీకా చరిత్ర చూడండి. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మహారాజ్ కిషన్ భాన్ బృందం కొందరు నవజాత శిశువులలో ఒక రోటావైరస్‌ను (పసిపిల్లలకు తీవ్రమైన విరేచనాలు తెచ్చే వైరస్ ఇది) గుర్తించింది. అది సోకిన పిల్లలకు విరేచనాలు పట్టుకోలేదు. పైగా తరువాత వచ్చే తీవ్రమైన రోటావైరస్ వ్యాధి నుండి కొంత రక్షణ కూడా కనిపించింది. 116ఈ అన్న పేరుతో ఆ వైరసే టీకాకు మూలమయింది. 1987లో మొదలైన భారత–అమెరికా టీకా కార్యక్రమం ద్వారా అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, మన బయోటెక్నాలజీ శాఖ ఈ పనిలో కలిశాయి. తరువాత పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్ తోడయ్యాయి. తయారీ బాధ్యత తీసుకున్న కంపెనీ, ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకే ఇస్తానని మాట ఇచ్చింది. ఢిల్లీ, పుణే, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంటే వైరస్‌ను గుర్తించిన నాటి నుండి మన అంగన్‌వాడీలో పసిపిల్ల నోట్లో ఐదు చుక్కలు పడేవరకు సుమారు ముప్పై ఏళ్లు పట్టింది. మీ పరికరానికి అంత కాలం పట్టదు, దానికి మనుషులపై పరీక్షలు అవసరం లేదు కనుక. కాని ఒక సంగతి గమనించండి: ఆ ముప్పై ఏళ్లలో డబ్బు ఒక్క చోటి నుండి రాలేదు, ఒక్క పథకం కూడా మొదటి నుండి చివరివరకు తోడు రాలేదు. ప్రతి దశకూ ఒక కొత్త చేయి అందింది. ఆ చేతులను కలిపి ఉంచినది ఆ శాస్త్రవేత్తల పట్టుదలేనని నా అభిప్రాయం.

జవాబు: అనుమానం

ఇజ్రాయెల్ పేరు వచ్చింది కనుక, ఆ దేశం తొలి ప్రయత్నంలో ఎలా దెబ్బతిన్నదో కూడా చెప్పుకోవాలి. ఇక్కడ సాధారణంగా విజయగాథలే వినిపిస్తాయి. 1992లో అక్కడి ప్రభుత్వం ఇన్‌బాల్ అనే పథకం పెట్టి, స్టాక్ మార్కెట్‌లో నమోదైన వెంచర్ నిధులకు (కొత్త కంపెనీలలో పెట్టుబడి పెట్టే నిధులకు) నష్టం వస్తే 70 శాతం వరకు తాను పూచీ పడతానన్నది. పథకం నిలబడలేదు. నష్టానికి పూచీ దొరికింది గాని, కంపెనీలను పెంచే నేర్పు ఆ నిధులకు దొరకలేదు.

మరుసటి ఏడాది, 1993లో, యోజ్మా అనే మరో ప్రభుత్వ పథకం వచ్చింది. 10 కోట్ల డాలర్ల ప్రభుత్వ సొమ్ములో ఎక్కువ భాగంతో పది నిధులను నిలబెట్టారు. ప్రతి నిధిలో ప్రభుత్వ వాటా 40 శాతం. మిగిలినది ప్రైవేటువారు తేవాలి, వారిలో అనుభవం గల విదేశీ సంస్థ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఐదేళ్లలోగా ప్రభుత్వ వాటాను పెట్టిన ధరకు వడ్డీ కలిపి కొనుక్కునే హక్కు భాగస్వాములకు ఇచ్చారు. నష్టానికి పూచీ లేదు, లాభం వస్తే మాత్రం వారిదే. చాలా నిధులు ఆ హక్కును వాడుకున్నాయి. అయితే యోజ్మాను ఎత్తుకుని వచ్చి నాటితే ఎక్కడైనా మొలుస్తుందనుకోవడం పొరపాటు: అప్పటికే అక్కడి ప్రభుత్వం పరిశ్రమల పరిశోధనకు ఏళ్ల తరబడి డబ్బు పెట్టింది, సోవియట్ యూనియన్ నుండి వేలాది ఇంజినీర్లు వలస వచ్చి ఉన్నారు.

చట్టం సంగతి కూడా అంతే. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన పేటెంట్లను విశ్వవిద్యాలయాలే ఉంచుకోవడానికి అమెరికా 1980లో బే–డోల్ చట్టం చేసింది. ఆ తరహా బిల్లును 2008లో మన రాజ్యసభలో ప్రవేశపెట్టారు గాని, అది చట్టం కాలేదు. అందుచేత మీ పేటెంటు ఎవరి పేరున ఉన్నదో, లైసెన్సు మీద సంతకం చేసే అధికారం ఎవరిదో మీ విశ్వవిద్యాలయ నియమావళిలోనే చూసుకోవాలి.

చెరువుగట్టు

అందరికీ ధన్యవాదాలు. పేటెంటు విశ్వవిద్యాలయం పేరున ఉన్నది; ఆవిష్కర్తలుగా మా పేర్లు ఉన్నాయి. ఏరేటర్లు బిగించి అమ్మే ఒక చిన్న సంస్థ యజమాని పరికరం చూసి ఇష్టపడ్డారు, కాని రెండు వందల చెరువులలో నడిచి చూపిస్తేనే తీసుకుంటానన్నారు. అన్ని పరికరాలు తయారుచేసే డబ్బు మా వద్ద లేదు, ఆయనా పెట్టనంటున్నారు. విదేశీ పథకం ఈ చిక్కు తీరుస్తుందన్న ఆశతోనే ఇక్కడ అడిగాను.

జవాబు: రేవుదారి

ఆ రెండు వందల చెరువులకు విదేశీ పథకం కోసం ఎదురుచూడకండి. ఆయనను ఇరవై చెరువులకు ఒప్పించి, పరికరాల ఖర్చు మీరు, బిగింపు ఖర్చు ఆయన పెట్టుకునేలా ఒక చిన్న ఒప్పందం రాసుకోండి. విదేశీ భాగస్వామి మీ వైపు చూసే నాటికి మీ వెంట ఒక కంపెనీ, ఒక పంటకాలపు లెక్కలు ఉంటాయి.

ఇంతకంటే తొందరైనది ఒకటి ఉన్నది. ఇతర దేశాలలో పేటెంటు కావాలంటే, భారతీయ దరఖాస్తు తేదీ నుండి పన్నెండు నెలలలోగా అంతర్జాతీయ దరఖాస్తు వేయాలి. ఆ గడువు దాటితే, భారతీయ దరఖాస్తు తేదీనే అక్కడా తొలి తేదీగా లెక్కించే ప్రయోజనం పోతుంది. వియత్నాం, ఇండోనేషియా, ఈక్వడార్లలో రొయ్యల సాగు పెద్ద ఎత్తున సాగుతున్నది. విదేశీ కంపెనీ మీతో మాట్లాడేది ఆ మార్కెట్ల కోసమే గనుక, అక్కడ హక్కు లేకపోతే మీ వద్ద ఇవ్వడానికి ఏమీ మిగలదు. మీరు దరఖాస్తు వేసి ఎన్ని నెలలయింది?

చెరువుగట్టు

ఎనిమిది నెలలు దాటింది. విశ్వవిద్యాలయ కార్యాలయంలో రేపే అడుగుతాను. ఏరేటర్ల యజమానిని ఆదివారం కలుస్తున్నాను.