జూన్ ప్రాస్పెక్ట్ క్యాంపులు: పిల్లాణ్ని వేటికి పంపాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో నాన్న
జూన్ 1, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మావాడు ఆగస్టులో పదకొండో తరగతిలోకి వెళ్తాడు. హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో కార్నర్‌బ్యాక్, అంటే బంతి అందుకునే ఎదుటి ఆటగాణ్ని (రిసీవర్) అడ్డుకునేవాడు. సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. నేను ఖమ్మం దగ్గర పల్లెలో పుట్టినవాణ్ని, క్రికెట్టు, కబడ్డీ తప్ప ఎరగను. నాలుగేళ్లుగా శుక్రవారం రాత్రులు స్టేడియంలో కూర్చుని ఆట నేర్చుకున్నాను. కాలేజీలు తమ టీమ్‌లకి పిల్లల్ని ఎంచుకునే ఈ రిక్రూటింగ్ వ్యవహారం మాత్రం అంతుపట్టడం లేదు.

రెండు నెలల్లో తొమ్మిది యూనివర్సిటీల నుంచి ప్రాస్పెక్ట్ క్యాంపుకి, అంటే కాలేజీ కోచ్‌ల ముందు ఆడి చూపించే క్యాంపుకి, రమ్మని మెయిల్స్ వచ్చాయి. 'మా కోచ్‌లు నీ ఆట చూడాలనుకుంటున్నారు' అని వాడి పేరు పెట్టి మరీ రాశారు. మావాడు అవన్నీ ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నాడు. అన్నీ జూన్‌లోనే ఉన్నాయి. అన్నిటికీ తిప్పాలంటే ఫీజులు, హోటళ్లు, నా సెలవులు. ఇవి నిజంగా పిలుపులేనా? అక్కడ అసలు ఏం జరుగుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ప్లేనో అమ్మ
జూన్ 1, రాత్రి 11:40

మా పెద్దాడు ఒఫెన్సివ్ లైన్‌మన్, అంటే తన జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు ముందు వరసలో ఎదుటివాళ్లని ఆపేవాడు. రెండు వేసవులు వాణ్ని ఏడు క్యాంపులకు తిప్పాను. ఇప్పుడు ఒక డివిజన్ త్రీ (ఆటల్లో డివిజన్ వన్, టూల తర్వాతి స్థాయి) కాలేజీలో ఆడుతున్నాడు. మీ గోడ సంగతి చదివితే గుండె కలుక్కుమంది, మా ఇంట్లోనూ అదే జరిగింది.

అన్నయ్యా, ఆ మెయిల్ వేలమందికి వెళ్తుంది. పేరు కంప్యూటర్ వేస్తుంది. కాలేజీ ఆటల్ని చూసే ఎన్‌సీఏఏ సంస్థ నియమం ప్రకారం కాలేజీ క్యాంపు అందరికీ తెరిచి ఉండాలి. వయసు, తరగతి, సంఖ్య లాంటి పరిమితులు పెట్టొచ్చు గానీ, ఎంపిక చేసినవాళ్లకి మాత్రమే అనకూడదు. ఇంకో సంగతి: చిన్న తరగతుల పిల్లలకి కోచ్‌లు నేరుగా రిక్రూటింగ్ కబుర్లు పంపకుండా నియమాలున్నాయి. క్యాంపు బ్రోచర్లకి ఆ అడ్డు లేదు, ఎప్పుడైనా పంపొచ్చు. మీ ఇన్‌బాక్స్ నిండింది అందుకే. జూన్ ఆఖరి వారం నుంచి జూలై దాదాపు అంతా డెడ్ పీరియడ్, అప్పుడు కోచ్‌లు పిల్లల్ని ఎదురుగా కలవకూడదు. అందుకే అన్ని క్యాంపులూ జూన్‌లోనే కిక్కిరిసి ఉంటాయి.

నేను ఆలస్యంగా నేర్చుకున్నది చెప్తాను. మీవాడి పొజిషన్ కోచ్‌కి, అంటే కార్నర్‌బ్యాక్‌ల కోచ్‌కి, మీవాడే స్వయంగా మెయిల్ రాయాలి. హడిల్ సైట్లో పెట్టిన ఆట వీడియో లింకు, ఎత్తు, బరువు, జీపీఏ (మార్కుల సగటు), హైస్కూల్ కోచ్ ఫోన్ నంబరు పెట్టాలి. ఆ తర్వాత మీ హైస్కూల్ కోచ్ ఆ కాలేజీకి ఫోన్ చేసి, 'మావాడు వస్తున్నాడు, చూస్తారా?' అని అడగాలి. చూస్తామంటే వెళ్లండి. నాలుగు వందల మంది పిల్లల్లో ముందే తెలిసిన పేరునే వాళ్ల కళ్లు వెతుకుతాయి. మొదటి వేసవి ఏ కబురూ పెట్టకుండా నాలుగు క్యాంపులకు వెళ్లాం. ఒక్క కోచ్ కూడా మావాడి పేరు అడగలేదు.

ఇక అక్కడ జరిగేది. పొద్దున్నే రిజిస్ట్రేషన్, చొక్కాకి నంబరు. బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తారు, బరువు చూస్తారు, చేతులు చాపించి కొలుస్తారు. తర్వాత నలభై గజాల పరుగు, బ్రాడ్ జంప్, షటిల్. షటిల్ అంటే ఒకవైపు ఐదు గజాలు, వెనక్కి తిరిగి పది, మళ్లీ ఐదు. మొత్తం ఇరవై గజాలే, కానీ తిరిగేటప్పుడు నడుము ఎంత కిందికి దిగుతుందో అక్కడే తెలిసిపోతుంది. ఆపైన పొజిషన్ డ్రిల్స్. చివర్లో వన్-ఆన్-వన్స్, అంటే ఒకరికి ఎదురుగా ఒకరు ఆడటం. మిగతా అంతా ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు.

రెండో వేసవిలో ఒక సాయంత్రం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. మావాడి ఎదురుగా వాడికన్నా జానెడు పొడుగున్న డిఫెన్సివ్ లైన్‌మన్ నిలబడ్డాడు. విజిల్ వేయగానే మావాడు వెల్లకిలా పడ్డాడు. లేచి వరస చివరికి పోకుండా కోచ్ వైపు చూసి, 'ఇంకోసారి వాడితోనే' అన్నాడు. ఈసారి చేతులు లోపలికి, అవతలివాడి ఛాతీ మీదకి పెట్టాడు. పూర్తిగా ఆపలేకపోయాడు, కానీ రెండు సెకన్లు నిలిచాడు. అప్పుడు ఆ కోచ్ దగ్గరికొచ్చి మోకాళ్లు ఎలా వంచాలో చూపించి, జేబులోంచి కాగితం తీసి నంబరు రాసుకున్నాడు. ఇప్పుడు వాడు ఆడుతున్నది ఆ కోచ్ దగ్గరే.

హ్యూస్టన్ నర్స్
జూన్ 2, ఉదయం 6:15

నైట్ డ్యూటీ నుంచి వచ్చి చదువుతున్నాను. దయచేసి ఇది కూడా చదవండి.

పోయినేడాది మా అబ్బాయిని ఒక క్యాంపుకి తీసుకెళ్లాను. పేరు వద్దు. మధ్యాహ్నం రెండు గంటలు, నెత్తిన ఎండ, కింద సింథటిక్ టర్ఫ్. ఆ టర్ఫ్ మీద వేడి గాలి వేడికన్నా చాలా ఎక్కువ. పిల్లలు మూడు వందల పైచిలుకు, నీళ్ల డబ్బాలు రెండు. మావాడి పక్కనున్న కుర్రాడు డ్రిల్‌లో తప్పు దిక్కుకి పరుగెత్తాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయం వేసింది, ఎందుకంటే వాడు కోచ్ అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తున్నాడు. పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాను. చల్లటి నీళ్ల తొట్టి లేదు. కూలర్లలో ఐసు, నీళ్లు వాడి మీద గుమ్మరించి, తడి తువ్వాళ్లు మారుస్తూ కూర్చున్నాం. దేవుడి దయవల్ల కోలుకున్నాడు.

2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ట్రైనింగ్ క్యాంపులో వడదెబ్బతో చనిపోయాడు. ఆయన పేరుతో కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థ నడుస్తోంది. వాళ్లు చెప్పేది, మేం పాటించేది ఒకటే: ముందు చల్లార్చాలి, తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. ఒంట్లో వేడి 104 డిగ్రీలు దాటి, మాట తడబడుతుంటే ప్రతి నిమిషమూ లెక్కే. మెడ దాకా ఐసు నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడమే అన్నిటికన్నా మంచి వైద్యం.

ఫీజు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: మైదానంలో దెబ్బలూ వడదెబ్బా చూసే అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా, చల్లటి నీళ్ల తొట్టి ఉంటుందా, ఎన్ని నిమిషాలకోసారి విరామం? సరిగ్గా జవాబు చెప్పని చోటికి మా పిల్లాణ్ని పంపను, ఎంత పెద్ద కాలేజీ అయినా సరే. ఉప్పేసిన మజ్జిగ, పెరుగన్నం ముందు రోజు నుంచే పెట్టండి. పొద్దున లేచి నీళ్లు తాగితే సరిపోదు.

పీఈటీ మాస్టారు, కరీంనగర్
జూన్ 2, ఉదయం 8:03

మా అన్నయ్య కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడి వల్ల ఇవి చదువుతుంటాను. ఆ ఆట నాకు తెలియదు, కానీ ఆ పరీక్షలు నాకు కొత్త కాదు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లకి మేం పిల్లల్ని తీసుకెళ్తే అక్కడా ముప్పై మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు ఉంటాయి.

ఇరవై ఏళ్లుగా పిల్లల్ని తయారుచేస్తున్నవాడిగా ఒక మాట. బ్రాడ్ జంప్‌లో దూరం దూకి వెనక్కి చెయ్యి ఆనించేవాళ్లు చాలామంది. కొలత ఆ చెయ్యి దగ్గర్నుంచే వేస్తారు. మా పిల్లల్లో అర అడుగు అలా పోగొట్టుకున్నవాళ్లున్నారు. దిగడం నేర్పించండి. పరుగులో మొదటి పది గజాలు నేర్పించండి. అది కొంత ఒడుపు, నేర్చుకుంటే వస్తుంది.

ఇర్వింగ్ కుర్రాడు
జూన్ 2, మధ్యాహ్నం 1:27

నేను ఆడినవాణ్ని, ఇప్పుడు కాలేజీ సెకండియర్. ఆడటం మానేశాను. తెలుగులో నిదానంగా టైప్ చేస్తాను, తప్పులుంటే క్షమించండి.

అంకుల్, మీ అబ్బాయి నలభై గజాల టైము ఎవరు కొలిచారు? మా హైస్కూల్లో స్టాప్‌వాచ్‌తో నాది 4.6. క్యాంపులో లేజర్ పెట్టారు, 4.83 వచ్చింది. చేత్తో కొలిస్తే పరుగు మొదలైనప్పుడు వేలు ఆలస్యంగా నొక్కుతుంది కాబట్టి టైము తక్కువ పడుతుంది, సెకనులో రెండు పదోవంతుల దాకా తేడా రావడం మామూలే. అది నాకెవరూ చెప్పలేదు. ఆ 4.83 బోర్డు మీద చూసి నా కాళ్లలో సత్తువ పోయింది. తర్వాత వన్-ఆన్-వన్స్‌లో నాలుగుసార్లు రిసీవర్‌ని ఆపాల్సి వచ్చింది, నాలుగుసార్లూ నా మీద నుంచే బంతి పట్టారు. ఆట రాక కాదు, బుర్రలో ఆ అంకె తిరుగుతుండటం వల్ల. ముందే లేజర్‌తో ఒకసారి కొలిపించుకుని తన అసలు అంకె తెలుసుకుని వెళ్లమనండి.

ఇంకొకటి. ఆ రోజు ఇంటికి రెండున్నర గంటల ప్రయాణం. మా నాన్న కార్లో ఒక్క మాట కూడా అడగలేదు. దారిలో ఆపి, నాకిష్టమైన బ్రిస్కెట్, అంటే గొడ్డుమాంసం, కొనిపెట్టారు. ఆయన ముట్టరు. నేను తింటుంటే ఎదురుగా కూర్చున్నారు. ఆ రోజు నాకు అదే కావలసింది.

న్యూజెర్సీ కిక్కర్ వాళ్ల నాన్న
జూన్ 2, సాయంత్రం 7:50

కిక్కర్లు, పంటర్లు (బంతిని తన్నేవాళ్లు), లాంగ్ స్నాపర్లు (తన్నడానికి బంతిని వెనక్కి విసిరి అందించేవాళ్లు) ఉన్న ఇళ్లవాళ్లకి మాత్రమే ఇది. మనవాళ్ల పిల్లలు సాకర్ నుంచి ఇటు వస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. మామూలు క్యాంపులో కిక్కర్‌ని ఒక మూలకి పంపేస్తారు. కోల్స్ లాంటి కిక్కింగ్ క్యాంపులు విడిగా ఉంటాయి, కాలేజీ కోచ్‌లు ఆ ర్యాంకులు చూస్తారు. మా దగ్గర హైస్కూల్లో ఫీల్డ్ గోల్‌కి, అంటే బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నడానికి, రెండంగుళాల టీ (బంతి కింద పెట్టే దిమ్మ) వాడనిస్తారు. కాలేజీలో నేల మీద నుంచే తన్నాలి. మావాడికి అది తెలిసినా సాధన చెయ్యలేదు, మొదటి క్యాంపులో పదింట్లో నాలుగే వెళ్లాయి. ఆ శీతాకాలమంతా గ్యారేజీ ముందు మంచు ఊడ్చుకుని నేల మీద నుంచే తన్నాడు.

ఓహాయో బాబాయ్
జూన్ 3, రాత్రి 9:10

అన్నీ బాగా చెప్పారు. చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు, అది నేను చెప్తాను. మా అమ్మాయి కాలేజీ కోసం తిరుగుతున్నప్పుడు మా అక్క కొడుకు లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్‌లో రెండో వరస ఆటగాడిగా) క్యాంపులు తిరిగాడు, ఇద్దరి కాగితాలూ నేనే చూశాను.

పై స్థాయి అయిన డివిజన్ వన్‌కి అర్హత రావాలంటే 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ప్రధాన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ. ఆ పదహారులో పది, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి. మన పిల్లలకి మార్కులు సమస్య కాకపోవచ్చు, కానీ స్కూల్లో తీసుకున్న ప్రతి కోర్సూ కోర్ కిందికి రాదు. కౌన్సెలర్‌ని ఇప్పుడే అడగండి.

డబ్బు గురించి కూడా తెలుసుకుని ఉండండి. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ డివిజన్ త్రీలోనూ ఆటకి స్కాలర్‌షిప్ లేదు, ఇంటి ఆదాయాన్ని బట్టో చదువుని బట్టో సాయం ఉంటుంది. పెద్ద కాలేజీల్లో ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత టీమ్‌కి 105 మంది పరిమితి వచ్చింది. అంతకుముందు వాక్-ఆన్లతో (స్కాలర్‌షిప్ లేకుండా చేరినవాళ్లతో) కలిపి చాలాచోట్ల అంతకన్నా ఎక్కువమంది ఉండేవాళ్లు. పైగా కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో అనుభవం ఉన్నవాళ్లు దొరుకుతున్నారు కాబట్టి హైస్కూల్ పిల్లలకి చోటు ఇంకా తగ్గింది. క్యాంపులో కోచ్ భుజం తట్టి 'ఆఫర్ ఇస్తున్నాం' అన్నా అది నోటిమాటే. రాతపూర్వక ఆఫర్ పన్నెండో తరగతి ఏడాది ఆగస్టు 1కి ముందు రాదు. సంతోషించండి, కానీ బంధువులందరికీ ఫోన్లు చెయ్యకండి.

అట్లాంటా అన్న
జూన్ 3, రాత్రి 10:31

నా అభిప్రాయం వేరు. ఇదంతా డబ్బు గుంజే వ్యవహారం. ఒక్కో క్యాంపుకి వందమందిని చూసి ముగ్గురిని గుర్తుపెట్టుకుంటారు. మిగతావాళ్ల ఫీజులు ఎవరి జేబులోకి? రెండు వేసవుల్లో నాకు నాలుగు వేల డాలర్లు అయ్యాయి, మావాడికి ఒక్క ఫోన్ రాలేదు. ఆ డబ్బు మంచి స్ప్రింట్ కోచ్‌కి పెట్టి ఉంటే వాడు ఇంకా బాగుపడేవాడు.

ప్లేనో అమ్మ
జూన్ 3, రాత్రి 11:05

మీ బాధ నాకు తెలుసు అన్నయ్యా, మా మొదటి వేసవి అచ్చం అలాగే పోయింది. కానీ అన్ని క్యాంపులూ ఒకటి కాదు. మావాడికి ఫలం దక్కింది పెద్ద స్టేడియాల్లో కాదు, ఒక పెద్ద యూనివర్సిటీ నడిపిన మెగా క్యాంపులో. అక్కడికి చిన్న కాలేజీల కోచ్‌లు ముప్పై మంది దాకా వచ్చి పనిచేశారు. పిల్లలందరూ పెద్ద యూనివర్సిటీ టీ-షర్ట్ వేసుకున్న కోచ్‌ల వైపే చూస్తున్నారు. మావాడు డివిజన్ త్రీ కోచ్‌ల దగ్గరికి తనే వెళ్లి చెయ్యి కలిపి పేరు చెప్పుకున్నాడు. ఫ్రిస్కో అన్నయ్యా, అలాంటిది ఒకటి, దగ్గర్లో మీ హైస్కూల్ కోచ్ ఫోన్ చేసి చెప్పగలిగింది ఇంకొకటి. ఈ వేసవికి ఇవి చాలు.

ఫ్రిస్కో నాన్న
జూన్ 12, రాత్రి 9:48

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. అలాగే చేశాం. మావాడే ఐదుగురు కోచ్‌లకు మెయిల్ రాశాడు. వాళ్ల హైస్కూల్ కోచ్ ఇద్దరితో మాట్లాడారు. నిన్న ఒకదానికి వెళ్లొచ్చాం.

ముందే లేజర్‌తో కొలిపించాం కాబట్టి బోర్డు మీద 4.74 పడితే వాడు కంగారుపడలేదు. ఐసు తొట్టెలు రెండున్నాయి, వెళ్లగానే చూసుకున్నాను. వన్-ఆన్-వన్స్‌లో మొదటి రెండూ పోయాయి. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను, చేతులకి చెమటలు. మూడోదానికి వరసలో ముందుకొచ్చి నిలబడ్డాడు. రిసీవర్ లోపలికి తిరిగాడు, మావాడు నడుము తిప్పి వేలి కొసలతో బంతిని తోశాడు. కోచ్ చప్పట్లు కొట్టలేదు, 'అదే మళ్లీ చూపించు' అన్నారట. మళ్లీ చూపించాడు. వెళ్లేటప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టిక) పంపమన్నారు. ఆఫర్ లేదు. ఇంటికొచ్చేటప్పుడు నేనేమీ అడగలేదు. అరగంటయ్యాక వాడే మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా ఆపలేదు.

వచ్చే ఆదివారం డెంటన్ వైపు మెగా క్యాంపుకి వెళ్తున్నాం. మనవాళ్ల పిల్లలెవరైనా వస్తున్నారా? మా వ్యాన్‌లో మూడు సీట్లు ఖాళీ.

మెకిన్నీ నుంచి
జూన్ 12, రాత్రి 10:20

ఇన్నాళ్లూ చదవడమే, ఈరోజే మొదటిసారి రాస్తున్నాను. మావాడు లైన్‌బ్యాకర్, ఈ ఏడాదే మొదటి క్యాంపు. ఆదివారం నాకు డ్యూటీ ఉంది, ఎలా పంపాలా అని టెన్షన్ పడుతున్నాను. మీతో పంపొచ్చా అన్నా? పులిహోర, మజ్జిగ అందరికీ సరిపడా కట్టిస్తాను.

ఫ్రిస్కో నాన్న
జూన్ 12, రాత్రి 10:26

తప్పకుండా అమ్మా. పొద్దున ఆరుంపావుకి మీ ఇంటి ముందుంటాను. అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. క్లీట్స్ (ముళ్ల బూట్లు), మౌత్‌గార్డ్ రాత్రే బ్యాగులో సర్దుకోమనండి.