లాటరీ నంబర్లు మనమే ఎంచుకోవాలా, కంప్యూటర్‌కి వదిలేయాలా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, సీతమ్మధార. మన రాష్ట్రంలో లాటరీ నిషేధం కాబట్టి నాకు దీని గురించి పెద్దగా తెలియదు. టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడు అప్పుడప్పుడు 2 డాలర్లు పెట్టి పవర్‌బాల్ టికెట్ కొంటాడు. 69 నంబర్లలో 5, విడిగా 26లో 1 ఎంచుకోవాలట. వాడు కంప్యూటర్‌కే వదిలేస్తాడు. నాన్నగారేమో మా అందరి పుట్టినరోజులూ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకుని, ఫోన్‌లో ఒక్కో అంకే చదువుతారు. మనవరాలి తేదీకి గుండ్రంగా గీత కూడా చుట్టారు!

ఎలా ఎంచుకున్నా జాక్‌పాట్ అవకాశం 29,22,01,338లో ఒకటేనని తమ్ముడు అంటున్నాడు. అది అర్థమైంది. కానీ పుట్టినరోజులు 31 దాటవు కదా, ఎక్కువమంది అవే నంబర్లు పెడితే, తగిలినప్పుడు డబ్బు పంచుకోవాల్సి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి. నాన్నగారు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా చెప్పాలో కూడా చెప్తే మేలు.