బాక్ 42బి, కాన్ 88హెచ్, యమహా 882ఓ: టెనార్ ట్రాంబోన్ ఎంపికలో ఏ తేడాలను పట్టించుకోవాలి?

ప్రశ్న

కొన్నేళ్లుగా యమహా వైఎస్ఎల్-354 వాయిస్తున్నాను. 0.500 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), ట్రిగ్గర్ (బొటనవేలితో నొక్కే వాల్వు మీట) లేని వాద్యం. ఎక్కువగా బిగ్ బ్యాండులో వాయిస్తాను. ఇప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో రెండో ట్రాంబోన్‌గా చేరే అవకాశం వచ్చింది కాబట్టి ఎఫ్ అటాచ్‌మెంటు (ట్రిగ్గర్ నొక్కితే కలిసి వాద్యాన్ని ఎఫ్ శ్రుతికి దించే అదనపు గొట్టం) ఉన్నది కొనాలనుకుంటున్నాను. బాక్ 42బి, కాన్ 88హెచ్, యమహా 882ఓ మూడింటికీ బోరు 0.547 అంగుళాలే, బెల్ (చివరి వెడల్పాటి గరాటు) వ్యాసాల్లోనూ పెద్ద తేడా లేదు. అయినా వాయించినవారందరూ ఇవి మూడు వేర్వేరు స్వభావాల వాద్యాలని అంటున్నారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? రెండు పనులకూ సరిపోయేలా మధ్యస్థంగా 0.525 బోరు తీసుకోవడం మేలా?

మొదటి సమాధానం

బోరు కొలత గాలికి ఎంత దారి ఉందో మాత్రమే చెబుతుంది. నాదం రంగు చాలావరకు బెల్ లోహం, దాని మందం, మౌత్‌పీసు దిగే చోట ఉండే లీడ్‌పైపు వాలు, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. బాక్ 42బి, యమహా 882ఓల బెల్ మామూలు పసుపు ఇత్తడి, అంటే సుమారు 70 శాతం రాగి. కాన్ 88హెచ్ బెల్‌కు వాడే రోజ్ బ్రాస్‌లో రాగి పాలు 90 శాతం దాకా ఉంటుంది. 88హెచ్ మెల్లగా వాయించినప్పుడు గుండ్రంగా, వెచ్చగా పలుకుతుంది, బలం పెంచేకొద్దీ త్వరగా మెరుపు తెచ్చుకుంటుంది. 42బి అంత త్వరగా రంగు మార్చదు. స్వరం కుదురుగా నిలుస్తుంది, ఎంత గాలి పోసినా విరగదు, కానీ దాన్ని పలికించడానికి శ్వాస కూడా ఎక్కువే కావాలి. 882ఓలో అన్ని స్థాయిలూ సమంగా, తేలికగా పలుకుతాయి. కొందరికి అదే గొప్ప సుగుణం, మరికొందరికి వ్యక్తిత్వం తక్కువనిపిస్తుంది. నాకైతే రెండో ట్రాంబోన్ స్థానానికి, అంటే మొదటివారికీ బాస్ ట్రాంబోన్‌కూ నడుమ ఇమిడిపోవలసిన చోటుకు, ఆ సమత్వమే ఎక్కువ ఉపయోగపడుతుందనిపిస్తుంది.

దుకాణంలో పరీక్షించేటప్పుడు గట్టిగా వాయించి నిర్ణయానికి రాకండి. మూసిన స్లైడుతో (ముందుకూ వెనక్కీ జరిపే గొట్టం), అంటే మొదటి స్థానంలో, బి-ఫ్లాట్, డి, ఎఫ్‌లను నెమ్మదిగా పట్టి చూడండి. ఆ డి ఐదో హార్మోనిక్ (గొట్టం సహజంగా పలికే స్వరాల వరుసలో ఐదోది) కనుక సహజంగానే సమశ్రుతి (అర్ధస్వరాలన్నీ సమానంగా ఉండే శ్రుతి) కంటే 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో నూటికి 14 వంతులు, తగ్గుతుంది. ఎఫ్ మాత్రం చాలా వాద్యాల్లో హెచ్చుగా పలుకుతుంది. ఎఫ్‌ను స్లైడు కొంచెం జరిపి దించవచ్చు, కానీ పూర్తిగా మూసిన స్లైడుతో డిని పెంచే దారి లేదు. ఈ రెంటి మధ్య ఎడం తక్కువ ఉన్న వాద్యం మీ చెవికీ చేతికీ శ్రమ తగ్గిస్తుంది. ఈ ఎడం ఒకే మోడల్‌లోని రెండు వాద్యాల మధ్య కూడా మారుతుంది కాబట్టి, కొనబోయే వాద్యాన్నే వాయించి చూడాలి.

రెండో సమాధానం

పై సమాధానంలో వాల్వు సంగతి రాలేదు. ట్రిగ్గర్ కొత్తగా వాడబోయేవారికి అది బెల్ కంటే ముందు తేలవలసిన విషయం. ఎఫ్ అటాచ్‌మెంటును లైప్‌జిగ్‌కు చెందిన సాట్లర్ 1839లో రూపొందించారు. అప్పటి నుంచీ ఉన్న సమస్య ఒకటే, వాల్వు గుండా వెళ్లే గాలి మలుపుల్లో నిగ్గు కోల్పోతుంది. 42బి, 88హెచ్‌లలో గొట్టం బిగుతుగా చుట్టి ఉంటుంది. 882ఓలోనూ, ఆ రెంటికీ తెరిచిన చుట్టు రకాలైన 42బిఓ, 88హెచ్ఓలలోనూ మలుపులు తక్కువ. థేయర్, హాగ్మాన్ వాల్వులు గాలిని మరింత నేరుగా పంపడానికి చేసినవే, అయితే వాటి సంరక్షణ మామూలు రోటరీ వాల్వంత సులభం కాదు. పరీక్ష చాలా తేలిక: మధ్య సికి కింది సిని ఆరో స్థానంలో ట్రిగ్గర్ లేకుండా వాయించి, వెంటనే మొదటి స్థానంలో ట్రిగ్గర్ నొక్కి వాయించండి. కళ్లు మూసుకుని వింటున్న మిత్రుడు ఏది ఏదో చెప్పలేకపోతే ఆ వాల్వు మంచిది. ఇంకొక సంగతి, ట్రిగ్గర్ నొక్కితే స్లైడుపై ఏడుకు బదులు ఆరు స్థానాలే ఇముడుతాయి కనుక అట్టడుగు బి స్వరం దొరకదు. అది అవసరమైతే ఎఫ్ గొట్టాన్ని బయటికి లాగి ఇ శ్రుతికి తెచ్చుకోవాలి.

స్లైడు గురించి రాజీ పడవద్దని నా గట్టి మాట. బెల్ మీద చిన్న సొట్ట ఉన్నా వాయించవచ్చు, స్లైడులో అంతే సొట్ట ఉంటే ప్రతి స్వరమూ అక్కడ తడబడుతుంది.

మూడో సమాధానం

0.525 గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. బాక్ 36 వంటివి ఆ కొలతలో చక్కని వాద్యాలు. ఒకే వాద్యంతో అన్నీ నడపవలసినవారికి నేనూ అదే సూచిస్తాను. మీ పరిస్థితి వేరు. పక్కన 0.547, ఆ పక్కన 0.562 బోరు బాస్ ట్రాంబోన్ ఉన్న వరుసలో చిన్న బోరు నాదం పలుచబడి విడిగా వినిపిస్తుంది. పైగా బిగ్ బ్యాండుకు కావలసిన చురుకైన, కొనదేలిన నాదం ఇప్పటికే మీ చేతిలో ఉన్న 354 ఇస్తుంది. జాజ్ వాద్యకారులు ఇష్టపడే కింగ్ 3బి బోరు 0.508, అంటే మీదానికి దగ్గరే. కాబట్టి 354ను అమ్మకుండా ఉంచుకుని ఆర్కెస్ట్రా కోసం 0.547 తీసుకోండి. కొత్తదానికి పెద్ద షాంక్ (వాద్యంలోకి దిగే కాడ) ఉన్న మౌత్‌పీసు కావాలి, 354కు చిన్న షాంక్. బాక్ 6½ఏఎల్ రెండు షాంకుల్లోనూ దొరుకుతుంది కనుక పెదవులకు అంచు ఒకటే ఉంటుంది, వాద్యం మారినప్పుడల్లా సర్దుకోనవసరం లేదు.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. 354ను ఉంచుకుంటాను. 1960ల నాటి 88హెచ్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. కొత్త 882ఓ కంటే దానిని ముందు చూడవచ్చా?

రెండో సమాధానం ఇచ్చినవారు

తప్పక చూడండి, కానీ మౌత్‌పీసు విషయంలో జాగ్రత్త అవసరం. ఆ కాలపు 88హెచ్‌ల లీడ్‌పైపు రెమింగ్టన్ షాంక్‌కు తగిన వాలుతో ఉంటుంది, నేటి పెద్ద షాంక్ అందులో సరిగా కూర్చోకపోవచ్చు. అలాంటప్పుడు శ్రుతి, స్పందన రెండూ దెబ్బతింటాయి, నింద మాత్రం వాద్యం మీద పడుతుంది. తగిన మౌత్‌పీసు వెంట తీసుకువెళ్లి, ముందు స్లైడు చూసి, తర్వాతే నాదం సంగతి ఆలోచించండి.