నాన్నగారి పాత పేజ్‌మేకర్ ఫైళ్లు: తెలుగు బదులు టోపీలు, చుక్కలు వస్తున్నాయి

సాగరతీరం:
అందరికీ నమస్కారం. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. సెలవు వస్తే చాలు, పెదజాలరిపేట వెళ్లి తెప్పల పక్కన కూర్చుని అక్కడి పెద్దవాళ్లు చెప్పేవన్నీ నోటుపుస్తకంలో రాసుకునేవారు. వలల రకాలు, చేపల పేర్లు, ఏ గాలికి వేటకు వెళ్లకూడదో, పండుగలు, గొడవలు, అన్నీ. 2003లో డాబాగార్డెన్స్‌లో ఒక డీటీపీ సెంటరులో కంపోజ్ చేయించారు. అచ్చు వరకు రాలేదు. ఆయన పోయి ఎనిమిది నెలలయింది. సంవత్సరీకానికి వంద కాపీలైనా వేయించాలని అమ్మ కోరిక.

ఉన్నవి రెండు. ఒకటి 132 పేజీల ప్రింటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి వాన నేరుగా పుస్తకాల అలమరలోకి కొట్టింది. మొదటి నలభై పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టముక్కలా తయారయ్యాయి. మిగిలినవి మరకలతో చదవడానికి వస్తాయి. రెండోది సీడీ. మా ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. పక్కింటివారి దగ్గర బయట తగిలించే డ్రైవు తెచ్చి కాపీ చేశాను. పి65 అనే తోకతో మూడు ఫైళ్లు ఉన్నాయి. మా మరిది ఆఫీసులో ఒక పాత కంప్యూటరులో పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో తెరిచారు. పేజీలు, మార్జిన్లు అన్నీ చక్కగా ఉన్నాయి. తెలుగు మాత్రం లేదు. నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో పౌండు గుర్తు. ఫైలు పాడైపోయిందా? మళ్లీ మొత్తం టైపు చేయించక తప్పదా?

ఉక్కునగరం:
గౌతమి ఫాంటు పెట్టి చూడండి మేడమ్. పాత విండోస్‌లలో దానితోపాటే వచ్చేది. నాకు ఒకసారి డబ్బాలు డబ్బాలుగా వస్తే దానితోనే సరిపోయింది.

పాత డీటీపీ:
తమ్ముడూ, డబ్బాలు వేరు, టోపీలు వేరు. డబ్బాలు వచ్చాయంటే లోపల ఉన్నది తెలుగే, చూపించడానికి ఫాంటు లేదని అర్థం. టోపీలు వచ్చాయంటే కంప్యూటరు దృష్టిలో అక్కడ తెలుగు ఎప్పుడూ లేదు.

అమ్మా, ఫైలు పాడవలేదు, కంగారు పడకండి. ఇరవై ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ రోజుల్లో మేము వాడిన అను వంటి ఫాంట్లలో ఉండేవి 256 గదులు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలు సర్దేవారు. ముక్కలు అని ఎందుకు అంటున్నానంటే, అక్షరం మొత్తం ఒక గదిలో ఉండాలని లేదు. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకొక చోట. మేము నొక్కిన మీటను బట్టి ఆ ముక్కలు వరుసగా వచ్చి పడేవి. కంటికి తెలుగు, ఫైలుకు మాత్రం టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు. ప్రపంచ భాషల అక్షరాలకు వేరువేరు గదులిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత గదులు ఉన్నాయి, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగు చూపించగలిగింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే మీ నాన్నగారి పుస్తకం 2003లో కూడా పాత పద్ధతిలోనే కంపోజ్ అయింది.

పి65 అంటే పేజ్‌మేకర్ 6.5లో చేసిన ఫైలు. తెరిచినప్పుడు ఫలానా ఫాంటు లేదని ఒక చిన్న కిటికీ వచ్చి ఉంటుంది. అందులో ఉన్న పేరు రాసుకుని చెప్పండి. ఒక్క మాట: ఆ కంప్యూటరులో ఫైలును సేవ్ చేయవద్దు. ఫాంటు మార్చమంటారా అని అడిగితే ఒప్పుకోవద్దు. సీడీలోది ముట్టుకోకుండా ఉంచి, నకలు మీదనే ఏ పనైనా చేయండి.

సాగరతీరం:
మాస్టారూ, మీరు చెప్పేలోపే ఒక తప్పు చేశాను. మేటరు మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేశాను. తెరిచి చూస్తే సగం ప్రశ్నార్థకాలు. అసలు ఫైళ్లు అలాగే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. కిటికీలో వచ్చిన పేర్లన్నీ అను ఫాంట్లవే, మూడు రకాలు ఉన్నాయి.

పాత డీటీపీ:
ఆ నోట్‌ప్యాడ్ ఫైలు తీసేయండి. ప్రశ్నార్థకం పడిన చోట ఏ అక్షరం ఉండేదో ఆ ఫైలుకే తెలియదు, దానిలోంచి ఏదీ వెనక్కి రాదు.

ఇప్పుడు చేయవలసింది ఇది. పేజ్‌మేకరూ ఆ ఫాంట్లూ రెండూ ఉన్న కంప్యూటరు వెతకండి. పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే పాత ప్రెస్సుల్లో అడగండి, కొందరు ఇప్పటికీ ఆ యంత్రాన్ని పారేయలేదు. అక్కడ రెండు పనులు చేయించుకోండి. మొదటిది పీడీఎఫ్, ఫాంట్లు లోపలే పొదిగినది. అందులోంచి మాటలు కాపీ చేస్తే మళ్లీ టోపీలే వస్తాయి, కానీ కంటికి మాత్రం మీ నాన్నగారి 132 పేజీలూ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. రేపు ప్రూఫు చూడటానికి అదే మీకు ఆధారం. రెండోది ఆర్‌టీఎఫ్, అంటే మేటరును ఫాంటు పేరుతో సహా బయటికి తీయడం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏ ఫాంటు నుంచి మారుస్తున్నామో సరిగ్గా ఎంచుకోవాలి. ఒక ఫాంటు పట్టిక ఇంకొకదానికి పనికిరాదు.

మారుస్తున్నప్పుడు వర్డ్‌లో కొటేషన్ గుర్తులను వంపు తిప్పే సదుపాయం ఆపేయండి. ఈ ఫాంట్లలో ఆ గుర్తుల గదుల్లో కూడా అక్షరం ముక్కలే ఉంటాయి. వర్డ్ తనకు తోచినట్టు దిద్దితే ఎక్కడో ఒక దీర్ఘం ఎగిరిపోతుంది, ఎందుకు పోయిందో మీరు తల బాదుకున్నా తెలియదు.

లైబ్రరీ వీధి:
మాస్టారు చెప్పినదానికి ఒక చేర్పు. ప్రెస్సు దొరికేలోపు, చదవడానికి వచ్చే తొంభై పేజీలనూ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఒక్కొక్క పేజీ 2 ఎంబీ దాటకుండా చూసుకోండి. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే వస్తుంది. మరక ఉన్న చోట 'ప'కూ 'వ'కూ, 'ద'కూ 'ధ'కూ తేడా తెలియక తికమకపడుతుంది. ద్వారకానగర్ లైబ్రరీ పక్కన ఉంటాను. స్కానరు ఉంది, కావాలంటే ఆదివారం తీసుకురండి.

సాగరతీరం:
పది రోజుల తరువాత రాస్తున్నాను, క్షమించాలి. అల్లిపురంలో ఒక ప్రెస్సులో పెద్దాయన దగ్గర ఆ యంత్రం దొరికింది. దుమ్ము గుడ్డ తీసి స్విచ్ వేస్తే ఆన్ కావడానికి ఏడు నిమిషాలు పట్టింది. మొదటి పేజీ తెర మీద తెలుగులో కనిపించినప్పుడు అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. పీడీఎఫ్ వచ్చింది, ఆర్‌టీఎఫ్ వచ్చింది. డబ్బులు ఇవ్వబోతే ఆయన టీకి మాత్రం తీసుకున్నారు.

యూనికోడ్‌లోకి మార్చాను. తొంభై పాళ్లు బాగుంది. కానీ 'సముద్రం' అన్న మాట పుస్తకంలో ఎన్ని వందల సార్లు ఉందో, అన్నిసార్లూ 'సము్రదం' అని వచ్చింది. 'చంద్రుడు' కూడా 'చం్రదుడు' అయ్యాడు. వెతికి మార్చే పద్ధతిలో '్రద' ఉన్నచోటల్లా 'ద్ర' పెట్టాను. సముద్రం బాగుపడింది. ఇప్పుడు 'ప్రదేశం' కాస్తా 'పద్రేశం' అయి కూర్చుంది!

పాత డీటీపీ:
నవ్వుకున్నానమ్మా, ఏమీ అనుకోకండి. మేమందరం ఆ గోతిలో పడినవాళ్లమే. అది క్రావడి, అంటే ర-వత్తు, చేసే అల్లరి. ర-వత్తును చేత్తో రాసేటప్పుడు అక్షరానికి ఎడమవైపు నుంచి చుడతాం. ఆ ఫాంట్లలో కూడా ముందు క్రావడి, తరువాత అక్షరం పడేది. యూనికోడ్‌లో ముందు అక్షరం, తరువాత వత్తు ఉండాలి. మీరు వాడిన ఉపకరణం మాట మొదట్లో ఉన్న క్రావడిని సరిగ్గా జరిపింది, అందుకే 'ప్రదేశం' బాగానే వచ్చింది. మధ్యలో ఉన్నదాన్ని వదిలేసింది. మీరు బాగున్నదాన్నీ బాగులేనిదాన్నీ ఒకే కత్తితో కోశారు.

మార్చక ముందటి ఫైలు మళ్లీ తీసుకోండి. ఈసారి '్రద' ఒక్కటే కాకుండా ముందున్న గుర్తుతో కలిపి వెతకండి. 'ు్రద' ఉంటే 'ుద్ర', 'ం్రద' ఉంటే 'ంద్ర'. గుణింతం గుర్తు పక్కన గానీ సున్నా పక్కన గానీ నేరుగా వత్తు రావడం తెలుగులో కుదరదు కదా, కాబట్టి అలా ఎక్కడ కనిపించినా అది తప్పే. నిర్భయంగా మార్చవచ్చు. 'ి్రత', 'ా్రత' వంటివి కూడా ఇదే దారిలో ఒక్కొక్కటే పట్టుకోండి.

అసలు చిక్కు వేరే ఉంది. క్రావడికి ముందు తలకట్టు అక్షరం ఉంటే తప్పు బయటపడదు. 'చక్రం' 'చ్రకం' అవుతుంది, అది కనీసం వింతగా ఉంటుంది. 'పత్రిక' 'ప్రతిక' అవుతుంది. 'పత్రి' ఏకంగా 'ప్రతి' అయిపోతుంది. అది కూడా మంచి మాటే కాబట్టి అక్షరదోషాలు పట్టే ఏ ఉపకరణమూ దాన్ని తప్పు అనదు. అక్కడ మాత్రం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవడమే. ఒకరు పీడీఎఫ్ చూస్తూ పైకి చదవాలి, ఇంకొకరు కొత్త ఫైలు చూస్తూ దిద్దాలి. మా ప్రెస్సుల్లో ప్రూఫు అలాగే చూసేవాళ్లం.

ఉక్కునగరం:
గౌతమి అన్నందుకు క్షమించండి, నాకూ కొత్త సంగతులు తెలిశాయి. ఒక అనుమానం. ఇలా పొరపాటుగా అతుక్కున్న అక్షరాలు ఫోన్లలో పంపితే ఏమీ కాదు కదా? ఒకప్పుడు తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను పడగొట్టిందని విన్నాను.

లైబ్రరీ వీధి:
అది 2018 ఫిబ్రవరి మాట. 'జ్ఞా' మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపం. దాన్ని చూపించబోయి ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలేవి. అక్షరంలో తప్పు లేదు, ఫోనుకే దాన్ని అమర్చడం రాలేదు. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఇప్పుడు భయం లేదు.

సాగరతీరం:
నాన్నగారి ముందుమాట మొదలయ్యేదే 'జ్ఞాపకం' అన్న మాటతో. ఇంట్లో అందరి ఫోన్లకూ పంపాను, ఏదీ పడిపోలేదు.

మాస్టారు చెప్పినట్టే రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను పీడీఎఫ్ చదువుతుంటే అమ్మ కొత్త ఫైలు చూస్తోంది. మొదట అద్దాలు పెట్టుకోనంది, ఇప్పుడు నాకంటే ముందు పట్టేస్తోంది. నిన్న 58వ పేజీలో 'వినాయక చవితి ముందురోజు పిల్లలు కొండవాలుకు వెళ్లి ప్రతి కోసేవారు' అని ఉంటే, నేను ఇంకా ఆ వాక్యం చదవకముందే 'పత్రి కదే' అంది. కోనాం, చందువ వంటి చేపల పేర్లకు మాత్రం అక్షరదోషాల ఉపకరణం ప్రతిసారీ కింద ఎర్రగీత పెడుతోంది. అవన్నీ నిఘంటువులో చేర్చమని నొక్కుతూ పోతున్నాను.

ఇక అచ్చుకు ఏ ఫాంటు వాడమంటారు?

పాత డీటీపీ:
మండలి, సురన్న ఉచితంగా దొరుకుతాయి, యూనికోడ్ ఫాంట్లే. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. లోపలి మేటరుకు నేనైతే మండలి పెడతాను. ఇన్‌డిజైన్‌లో పేజీలు పెడితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోమనండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అది లేనివారు లిబ్రేఆఫీసులో కూడా వంద కాపీల పుస్తకం చక్కగా చేయవచ్చు. ప్రెస్సుకు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి, వాళ్ల కంప్యూటరులో మళ్లీ తెరిచి దిద్దనివ్వవద్దు.

సాగరతీరం:
అలాగే మాస్టారూ. ఫైళ్లు పెన్‌డ్రైవులో ఒకటి, మెయిల్లో ఒకటి, హైదరాబాదులో చెల్లి దగ్గర ఒకటి పెట్టాను. ఈసారి అలమర మాత్రం కిటికీకి దూరంగా జరిపాం. ప్రూఫు పూర్తయిన ఫైలు మీకు విడిగా పంపుతున్నాను, ఒకసారి కళ్లతో చూడండి.

పాత డీటీపీ:
చూశానమ్మా. ఫాంట్లు మారిన చోట్ల కొంచెం ఖాళీలు ఎక్కువయ్యాయి, పేజీలు పెట్టేటప్పుడు సర్దుకుంటాయి. 71వ పేజీ కింది నుంచి మూడో పంక్తిలో ఇంకొక 'ప్రతిక' మిగిలింది. మీ అమ్మగారికి చెప్పండి.