అప్‌డేట్: పోటీ కంపెనీ ఎవర్ని తీసుకుంటోందో లింక్డ్‌ఇన్‌లో చూశాక

మాది మాదాపూర్‌లో చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. కిరాణా షాపుల్లో మాకు పోటీగా ఉన్నవాళ్లు మెడికల్ షాపుల వైపు కూడా వస్తున్నారేమో లింక్డ్‌ఇన్ చూసి పసిగట్టొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగితే మీలో కొందరు సలహాలిచ్చారు కదా. పసిగట్టొచ్చు.

బాగా పనికొచ్చింది వాళ్ల పేజీలోని పీపుల్ ట్యాబ్. ఉద్యోగులు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది పైసా కట్టకుండానే కనిపిస్తుంది. విజయవాడ నొక్కితే కొత్తగా చేరినవాళ్లలో చాలామంది సేల్స్‌వాళ్లే, అందులోనూ మాజీ మెడికల్ రెప్‌లు! పైగా టెస్టింగ్ ఉద్యోగం ప్రకటనలో 'షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ తెలిసుండాలి' అని ఉంది. షెడ్యూల్ హెచ్1 అంటే కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా. ఆ మందులు అమ్మితే షాపువాళ్లు 2014 నుంచి విడిగా రిజిస్టర్ రాసి మూడేళ్లు ఉంచాలి. కిరాణా సాఫ్ట్‌వేర్‌కి దాంతో పనేంటి?

ప్రకటనల సంఖ్యను మాత్రం నమ్మకండి. మానేసినవాళ్ల స్థానంలో తీసుకుంటున్నా, అదే ప్రకటన మళ్లీ వేసినా ఎక్కువగానే కనిపిస్తాయి. కొత్త రకం పోస్టు, కొత్త ఊరు, ఇవీ చూడాల్సినవి.

డేటా మొత్తం టూల్‌తో లాగేయమన్న సలహా వదిలేశాను. లింక్డ్‌ఇన్ షరతులు ఒప్పుకోవు. అలా లాగిన హైక్యూ అనే డేటా కంపెనీ 2022లో అమెరికా కోర్టులో దెబ్బతింది. ఉత్తుత్తి ఇంటర్వ్యూకి మనిషిని పంపమన్నారొకరు. ఛీ, అదేం పని!

ఎవరి ప్రొఫైల్ చూసినా మన పేరు వాళ్లకి కనిపించకుండా ప్రైవేట్ మోడ్ పెట్టుకోమన్న ఆయనకి ప్రత్యేకంగా థాంక్స్. మెడికల్ షాపుల కోసం మా సాఫ్ట్‌వేర్‌లో పెడుతున్న హెచ్1 రిపోర్టు సంక్రాంతికి అనుకున్నది దసరాకే ఇచ్చేస్తున్నాం.